టైర్ పేలింది అంటే కేసు ఖతమైనట్టేనా?

2026 జనవరిల నంద్యాల జిల్లా శిరివెళ్ల కాడ ఒక ప్రైవేట్ ట్రావెల్స్ బస్సు కాలిపోయింది. నెల్లూరు నుంచి హైదరాబాద్‌కు వస్తున్న బస్సు. అర్ధరాత్రి దాటినంక టైర్ పేలింది. బస్సు డివైడర్ ఎక్కి అవతలి రోడ్డు మీదికి పోయి ఎదురుంగ వస్తున్న కంటైనర్ లారీని గుద్దింది. మంటలు లేచినయి. బస్సు డ్రైవరు, లారీ డ్రైవరు, లారీ క్లీనరు, ముగ్గురు సచ్చిపోయిన్రు. బస్సుల ముప్పై మందికి పైగా ప్రయాణికులున్నరు. అటుకెళ్లి పోతున్న ఒక డీసీఎం డ్రైవర్ బండి ఆపి అద్దాలు పలగ్గొట్టబట్టి వాళ్లు బతికి బయటపడ్డరు. ఆ డ్రైవర్ రెండు నిమిషాలు లేటుగ వచ్చి ఉంటే ఆ రోజు లెక్క ఏందో ఆలోచిస్తేనే భయమైతది.

తెల్లారి అన్ని చానళ్లల్ల ఒక్కటే మాట: టైర్ పేలుడే కారణం. గంతే. గా మాటతోని కథ అయిపోయింది. ఆ టైర్ ఏ సంవత్సరంల తయారైంది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఆఖరిసారి గాలి ఎప్పుడు చూసిన్రు, అది కొత్తదా రీబటన్ చేసిందా, ఇవన్నీ ఎవరన్న అడిగిన్రా? పిడుగు పడ్డట్టు, వడగండ్లు పడ్డట్టు టైర్ పేలిందని చెప్పుడు మనకు అలవాటైంది. పిడుగుకు ఓనర్ లేడు. టైర్‌కు ఉన్నడు.

ఈ ముచ్చట నాకు దూరపుది కాదు. మాది లాలాపేట్. ఇక్కడికెళ్లి నాచారం పారిశ్రామికవాడ దగ్గర్నే, ఉప్పల్ రింగురోడ్డు దగ్గర్నే. ఆదివారం పొద్దుగూకినంక ఉప్పల్ల నిలవడి చూడున్రి. జనగామ, వరంగల్, భువనగిరి, యాదగిరిగుట్ట, తొర్రూరు దిక్కుకెళ్లి వచ్చిన బస్సులు ఒకదాని ఎన్క ఒకటి ఆగుతుంటయి. బ్యాగులు, బియ్యం సంచులు, పచ్చడి డబ్బాలు పట్టుకొని మీ అసొంటి పోరగాళ్లే దిగుతుంటరు. కోచింగుకు వచ్చేటోళ్లు కొందరు, నాచారం, మల్లాపూర్ కంపెనీలల్ల షిఫ్టుకు పోయేటోళ్లు కొందరు. వీళ్లల్ల ఒక్కరు కూడా ఎక్కే ముందు ఎన్క చక్రం దిక్కు చూసి ఉండరు. టికెట్ ఎంత, సీటు కిటికీ కాడనా, చార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు ఉన్నదా, మనం చూసేది గియ్యే.

అసలు టైర్ బస్సును ఎట్ల తగలవెడ్తది? చాలా మందికి టైర్ పేలుతె బస్సు బోల్తా పడ్తదని ఎరుక. నిప్పు ఎట్ల పుడ్తదో తెల్వదు. నాచారం దిక్కు లారీలకు, కంపెనీ బస్సులకు టైర్లు మార్చే ఒక పెద్దమనిషిని ఇదే సంగతి అడిగిన. ఆయన పానా కింద పెట్టి, "టైరు కాలుడు కాదు బిడ్డా, ముందు హబ్బు కాల్తది. టైరు దాని పక్కకున్న పాపానికి అంటుకుంటది" అన్నడు. దీనంత తేటగ నేను చదివిన ఏ రిపోర్టూ చెప్పలేదు.

ఆయన చెప్పింది విడమర్చి చెప్త. పెద్ద బస్సుకు ఎన్క దిక్కు ఒక్కో పక్క రెండు టైర్లు జంటగ ఉంటయి. బయటిది కనవడ్తది, లోపలిది కనవడది. లోపలి దాంట్ల గాలి తగ్గిందనుకో, బరువంత బయటి దాని మీద పడ్తది. గాలి తగ్గిన టైర్ తిరిగిన ప్రతిసారి పక్కగోడ ఒంగుతది, లేస్తది, ఒంగుతది, లేస్తది. ఇనుప తీగను చేత్తోని పది సార్లు ఒంచితే ఎట్ల కాల్తదో గట్లనే రబ్బరు లోపట వేడి పుడ్తది. జంట టైర్లల్ల ఒకదాంట్ల గాలి ఐదో వంతు తగ్గితేనే పంచరైనట్టు లెక్క పెట్టుకోవాలని టైర్ల రంగంలోళ్లే చెప్తరు. కంటికి చూస్తే మాత్రం ఆ తేడా తెల్వనే తెల్వదు. కాలితోని తన్ని చూసుడు, రాడ్డుతోని కొట్టి సప్పుడు వినుడు మన దగ్గర పెద్ద పరీక్ష. పూర్తిగ ఖాళీ అయిన టైర్‌ను అది పట్టిస్తదేమో గానీ, ఐదో వంతు తగ్గిన దాన్ని పట్టియ్యది. దానికి మీటర్ పెట్టాల్సిందే.

రెండోది బ్రేకు. బ్రేకు తొక్కి ఒదిలినంక లైనర్ డ్రమ్మును ఒదిలిపెట్టాలె. గాలి పైపు లీకైనా, స్ప్రింగు తుప్పు పట్టినా, సెట్టింగు సరిగ లేకున్నా అది పూర్తిగ ఒదలది. డ్రైవర్‌కు తెల్వకుంటనే ఒక చక్రం బ్రేకు పట్టుకొని ఉరుకుతుంటది. గంట, రెండు గంటలు. డ్రమ్ము కొన్ని వందల డిగ్రీలకు కాల్తది. ఆ వేడి రిమ్ముకు పోతది, రిమ్ము నుంచి టైర్ అంచుకు పోతది. హబ్బుల గ్రీజు ఎండిపోయి బేరింగ్ పట్టేసినా గిదే కథ.

ఇందుల ఒక మోసమున్నది. బండి ఉరుకుతున్నంత సేపు గాలి తగిలి జర సల్లవడ్తది, పొగ కూడా ఎన్కకు కొట్టుకపోతది. చాయ్ కోసమో, టోల్‌గేట్ కాడనో ఆగినప్పుడు గాలి ఆగి మంట లేస్తది. "బస్సు ఆగి ఉన్నది సార్, ఉత్తగనే అంటుకున్నది" అని చెప్పేటోళ్లు అబద్ధం చెప్తలేరు. కాకపోతే అది ఉత్తగ అంటుకోలే, యాభై కిలోమీటర్ల కిందనే మొదలైంది.

టైర్‌కు ఒకసారి మంట పట్టినంక బస్సులున్న చిన్న ఫైర్ సిలిండర్ దాన్ని ఆర్పలేదు. పౌడర్ కొడ్తే మంట అణుగుతది, హబ్బుల వేడి గట్లనే ఉంటది, ఒక నిమిషానికి మళ్ల లేస్తది. సల్లవడాలంటే బాగ నీళ్లు కావాలె. చక్రం మీద ఏముంటది? పలక, రెగ్జిన్, స్పాంజి, ఫైబర్ షీటు. స్లీపర్ బస్సయితే దాని మీదనే ఒక మనిషి దుప్పటి కప్పుకొని పండుకొని ఉంటడు. పొగ ముందు పోయేది గా మనిషి ముక్కులకే.

ఇంక పేలుడు సంగతి. టైర్ పేలినప్పుడు దాని పొరలు పట్టీలు పట్టీలుగ చిరిగి కొరడా లెక్క కొడ్తయి. చక్రం పక్కకు బ్రేకు గాలి పైపులు, కరెంటు వైర్లు, కొన్ని బండ్లల్ల డీజిల్ ట్యాంకు కూడా దగ్గర్నే ఉంటది. పైపు తెగితే బ్రేకు పోతది. వైరు తెగితే నిప్పురవ్వ. ముంగటి టైర్ పేలితే స్టీరింగు ఒక పక్కకు గుంజుకపోతది. ఆ తర్వాత లారీనో కల్వర్టునో గుద్దుకున్నప్పుడు లేచే మంటకు టైర్ నేరుగ నిప్పు పెట్టినట్టు కాదు, కానీ దారి చూపింది అదే. శిరివెళ్ల కాడ అయింది గిదే.

చక్రం నుంచి నేరుగ మంట పుట్టిన పెద్ద కేసు చెప్పాలంటే అమెరికా పోవాలె. 2005 సెప్టెంబర్ 23. రీటా తుఫాను వస్తున్నదని టెక్సస్‌ల ఒక వృద్ధాశ్రమం ముసలోళ్లను బస్సుల డాలస్ దిక్కు తీస్కపోతున్నరు. రాత్రి దారిల కుడి ఎన్క చక్రం కాడ తిప్పలొస్తే టైర్ మార్చి మళ్ల బయల్దేరిన్రు. తెల్లారుజామున ఎన్క వచ్చే ఇంకో బండాయన చూసి, చక్రం హబ్బు ఎర్రగ కాల్తున్నదని డ్రైవర్‌కు చెప్పిండు. బస్సు ఆపిన్రు. అప్పటికే మంట. నడవలేని ముసలోళ్లు, బస్సుల ఆక్సిజన్ సిలిండర్లు. 23 మంది కాలిపోయిన్రు. అక్కడి రవాణా భద్రతా బోర్డు విల్మర్ కాడ జరిగిన ఆ ప్రమాదాన్ని నట్టు నట్టు విప్పి చూసింది. కారణం ఏందంటే, ఎన్క యాక్సిల్ బేరింగుకు సరిపోయేంత లూబ్రికేషన్ లేదు. టైర్ మార్చిన్రు గానీ, టైర్‌ను కాల్చిన రోగాన్ని చూడలే. నాచారం పెద్దమనిషి చెప్పింది, అమెరికా బోర్డు చెప్పింది ఒక్కటే మాట.

ఆ బోర్డు అక్కడ ఆగలే. బస్సు చక్రాల గూడుల వేడిని కనిపెట్టి డ్రైవర్‌ను ముందే హెచ్చరించే యంత్రాలు తయారు చేయాలని సిఫార్సు చేసింది. మన దగ్గర బస్సులల్ల మంటలను కనిపెట్టి ఆర్పే వ్యవస్థకు ఏఐఎస్-135 అని ఒక ప్రమాణం ఉన్నది. అది మొదలు వచ్చింది ఇంజన్ గది కోసం. 2022ల దూరం పోయే బస్సులు, స్కూలు బస్సుల లోపట జనం కూసునే జాగకు కూడా ఫైర్ అలారం పెట్టాలని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. మంచిదే. కానీ జనం కూసునే కాడ అలారం మోగిందంటే మంట అప్పటికే పలక దాటి లోపటికి వచ్చినట్టు. ఇంజన్ తర్వాత బస్సుల మంట పుట్టే పెద్ద జాగ చక్రాలే. దాని వేడిని చూసే కన్ను ఒకటి కావాలె.

ఇప్పుడు దీన్ని తిప్పి చూద్దాం. టైర్ పేలిందని చెప్పినప్పుడల్ల నిజంగ పేలిందా? 2023 జులై 1న మహారాష్ట్ర బుల్ధానా జిల్లాల సమృద్ధి ఎక్స్‌ప్రెస్‌వే మీద నాగ్‌పూర్ నుంచి పుణె పోతున్న బస్సు బోల్తా పడి కాలిపోయింది. 25 మంది సచ్చిపోయిన్రు. బతికిన డ్రైవర్ మొదలు చెప్పింది: టైర్ పేలింది. దేశమంత గదే రాసింది. తర్వాత రవాణా శాఖ అధికారులు రోడ్డు చూసి, టైర్ పేలిన ఆనవాళ్లు లేవని రిపోర్టు ఇచ్చిన్రు. బస్సు ముందు స్తంభానికి, తర్వాత డివైడర్‌కు గుద్దుకొని పడ్డది. తలుపు ఉన్న దిక్కే కిందవడ్డది, జనం బయటికి రాలేకపోయిన్రు.

డ్రైవర్ ఎందుకట్ల చెప్తడు? నిద్ర వట్టింది అంటే జైలు. స్పీడు ఎక్కువైంది అంటే జైలు. టైర్ పేలింది అంటే ఎవరి తప్పూ కాదు. డ్రైవర్‌కు బాగుంటది, ఓనర్‌కు ఇంకా బాగుంటది, ఇన్సూరెన్సు కంపెనీకి సుత బాగుంటది. నష్టపోయేది కాలిపోయినోని ఇంటోళ్లు ఒక్కరే. డ్రైవర్ మీద నాకు కోపం లేదు. రాత్రంత ఒంటరిగ నడిపిచ్చి, తెల్లారి మళ్ల తిరుగు ప్రయాణం కట్టమనే మాలిక్ ఉన్నప్పుడు వానికి మిగిలిన అబద్ధం అదొక్కటే.

ఈ దేవుని లీల వాదనను కోర్టు ఒప్పుకోలే. 2023ల బాంబే హైకోర్టు ముంగటికి ఒక కారు ప్రమాదం కేసు వచ్చింది. టైర్ పేలుడు దైవఘటన, మేం పరిహారం కట్టమని ఇన్సూరెన్సు కంపెనీ వాదించింది. టైర్ పేలుడు దైవఘటన కాదు, మనిషి నిర్లక్ష్యమని కోర్టు తేల్చి చెప్పింది. స్పీడు ఎక్కువైతదో, గాలి ఎక్కువ తక్కువైతదో, పాత టైర్ అయితదో, ఏదో ఒకటి ఉంటది, ప్రయాణం ముందు చూసుకునుడు బండోని పని అన్నది. మీ ఊర్ల ఎవరి ఇంట్లనన్న గిసొంటి కష్టం వచ్చి, "టైర్ పేలింది, ఏం చేస్తం" అని కాగితం మీద సంతకం పెట్టమంటే ఈ తీర్పు యాదికి పెట్టుకోన్రి. వకీలుకు చెప్పున్రి.

మరి సర్కారు చూస్తలేదా? చూస్తది, ఫిట్‌నెస్ రోజు. రవాణా బండ్లకు మొదటి ఎనిమిదేండ్లు రెండేండ్లకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటది. రాత్రికి ఐదారు వందల కిలోమీటర్లు ఉరికే స్లీపర్ బస్సు ఒక నెలల ఎంత తిరుగుతదో మీరే లెక్క కట్టున్రి. పరీక్ష నాడు బాగున్న టైర్ మళ్ల పరీక్ష వచ్చేదాక మూడు సార్లు గుండు కావొచ్చు. కాబట్టి బస్సు కాలిన తెల్లారి "ఫిట్‌నెస్ ఉన్నది" అని చెప్పే ఆఫీసర్ మాటకు విలువ లేదు. పెళ్లినాటి ఫోటో చూపెట్టి ఈయాల ఆరోగ్యం బాగున్నదన్నట్టు ఉంటది.

ఇంక మన ఉప్పల్ రోడ్డు. ఉప్పల్ నుంచి నారపల్లి దాక ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018ల మొదలైనయి. ఏండ్లకేండ్లు కింద రోడ్డు గుంతలే. వరంగల్ దిక్కు పోయే ప్రతి బస్సు ఆ గుంతలల్ల దిగి లేవాలె. గుంత అంచుకు తగిలినప్పుడు టైర్ పక్కగోడల తీగ తెగుతది, బయటికి కనవడది. ఆ తెగిన టైర్ అక్కడ పేలది. పొద్దంత తిరిగి తిరిగి, ఎండల నాలుగు లైన్ల రోడ్డు ఎక్కి వంద మీద ఉరికేటప్పుడు పేల్తది. అప్పుడు ఎవలూ ఉప్పల్ గుంత పేరు తియ్యరు.

ఆర్టీసీ సంగతి కూడా మాట్లాడాలె, ఎందుకంటే మనల ఎక్కువ మంది ఎక్కేది అదే. ఆర్టీసీల ఒక పద్ధతి ఉన్నది: ముంగటికి కొత్త టైర్లు, రీబటన్ చేసినవి ఎన్కకు. డిపోల టైర్లు చూసే మనుషులు వేరేగ ఉంటరు, పెద్ద రిపేర్లకు ఉప్పల్ల జోనల్ వర్క్‌షాపే ఉన్నది. రీబటన్ అంటేనే ప్రమాదం అనుకోకున్రి. కింద గూడు గట్టిగ ఉండి, పని సరిగ జరిగితే అది నడుస్తది. ఎక్కడో సందుల చేయించి ముంగటి చక్రానికి బిగిస్తేనే ప్రమాదం. కానీ ఆర్టీసీ మీద కూడా భారం పెరిగింది. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనంక బస్సులు కిక్కిరిసిపోతున్నయి. ఆడోళ్లు ఫ్రీగ ఎక్కుడు తప్పు కాదు, మా ఇంటోళ్లు కూడా ఎక్కుతరు. జనం పెరిగినప్పుడు బస్సులు, మెకానిక్కులు, టైర్లు అదే లెక్కన పెరగాలె కదా. యాభై మంది బస్సుల తొంభై మంది ఎక్కితే ఆ నలభై మంది బరువు మోసేది గా ఎన్క నాలుగు టైర్లే. పండుగ రోజుల ఫుట్‌బోర్డు మీద వేలాడే పోరగాళ్ల కింద తిరుగుతున్నది అదే చక్రం.

మంట పుట్టుడు ఒక ఎత్తయితే, పుట్టినంక జనం ఎందుకు బయటపడ్తలేరనేది ఇంకో ఎత్తు. 2013 అక్టోబర్ 30న పాలెం కాడ బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో కల్వర్టును గుద్ది 45 మందిని కాల్చింది. 2024 మేల చిలకలూరిపేట కాడ ఓట్లేసి హైదరాబాద్‌కు తిరిగొస్తున్న బస్సును టిప్పర్ గుద్దింది, ఆరుగురు పోయిన్రు. 2025 అక్టోబర్ 24న కర్నూలు చిన్నటేకూరు కాడ హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న బస్సు కింద బైకు ఇరుక్కొని మంటలొచ్చినయి, బస్సుల 19 మంది, బైకు పిలగాడు కలిసి 20 మంది. వీటిల్ల దేనికీ టైర్‌ను నిందించలేం. కానీ అన్నిట్ల ఒకటే తీరు: రాత్రి పూట, నిద్రల జనం, తెరుచుకోని తలుపు, పలగని అద్దం. రేపు చక్రం కాడ మంట లేచినా బయటికి వచ్చే తొవ్వ అదే. శిరివెళ్లల జనం బతికింది బస్సు మంచిదై కాదు, బయటికెళ్లి ఒక డీసీఎం డ్రైవర్ అద్దం పలగ్గొట్టబట్టి.

ఇగ మీకు చేతనైన కొన్ని సంగతులు. టైర్ పక్కగోడ మీద ఒక గుండ్రటి గీతల నాలుగు అంకెలుంటయి. 2319 అని ఉంటే 2019 సంవత్సరం 23వ వారంల తయారైందని అర్థం. దాని దగ్గర్నే ఇంగ్లీషు అక్షరం ఒకటి ఉంటది. జె అంటే గంటకు 100, కె అంటే 110, ఎల్ అంటే 120, ఎం అంటే 130 కిలోమీటర్ల దాక తట్టుకుంటదని. టైర్ గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్న తగ్గొద్దని కేంద్ర మోటారు వాహనాల రూల్సే చెప్తయి. గాడి మధ్యల చిన్న రబ్బరు గడ్డలుంటయి, టైర్ అరిగి వాటి ఎత్తుకు వచ్చిందంటే మార్చాలె. బస్సు ఆగినప్పుడు ఫోన్ లైటు వేసి ఒక ఫోటో తీసుకునేతందుకు నిమిషం పట్టది. ట్రావెల్స్‌లోడు చూస్తే గుర్రుమంటడు. అననీ.

బస్సుల కూసున్నంక రబ్బరు కాలిన వాసన వస్తే, ఎన్కసీటు కింద దడదడ కొడ్తే, బండి ఒక పక్కకు గుంజుతుంటే లేచి డ్రైవర్ దగ్గరికి పోన్రి. "ముంగట డాబా ఉన్నది, ఆడ చూద్దాం" అంటరు. ఒప్పుకోకున్రి. ఆగినంక ముందు అందరు దిగాలె, ముసలోళ్లను, పిల్లగాళ్లను దించాలె, సామాన్లు తర్వాత. కాల్తున్న చక్రానికి ఎదురుంగ నిలవడి వీడియో తియ్యకున్రి, వేడెక్కిన టైర్ పక్కగోడ చిరిగి పేలితే ఆ దెబ్బ వచ్చేది గా దిక్కుకే. డ్రైవర్లకు కూడా పాత అలవాటు ఒకటి ఉండేది: ఆగిన ప్రతి చోట దిగి, అరచెయ్యి ఎన్క భాగం హబ్బు దగ్గర పెట్టి వేడి చూసెటోళ్లు. ఇప్పుడు దూరంకెళ్లి వేడి కొలిచే తుపాకులు బజార్ల దొరుకుతున్నయి, కరోనా టైంల నొసటికి పెట్టినవి కాదు, ఫ్యాక్టరీలల్ల వాడేవి. లక్షలు పెట్టి కొనే బస్సుకు అదొక్కటి కొనుడు ఓనర్‌కు బరువేం కాదు. నాలుగు చక్రాలల్ల ఒకటి మిగిలిన వాటికన్న బాగ వేడి చూపెడ్తే బండి కదలొద్దు.

సర్కారును అడగాల్సింది మాత్రం ఒకటున్నది. బస్సు కాలిన ప్రతి కేసుల టైర్ల తయారీ వారం, రీబటన్ ఎన్నిసార్లు, బేరింగు, బ్రేకు స్థితి, ఆఖరి గాలి పరీక్ష తారీఖు, ఇవన్నీ రాసి రిపోర్టును జనం ముంగట పెట్టాలె. విల్మర్ రిపోర్టును ఇయ్యాల నాచారంల కూసోని ఎవరైనా చదవొచ్చు. శిరివెళ్ల రిపోర్టు కూడా గట్లనే చదవగలగాలె. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి రవాణా శాఖకు దరఖాస్తు పెట్టొచ్చు. మీ జిల్లాల బస్సు కాలిన కేసు ఏదన్న ఉంటే దాని మీద పెట్టున్రి, జవాబు వచ్చినా, ముప్పై రోజులైనా రాకున్నా మాకు పంపున్రి, ఇదే పేజీల ఏస్తం.